తాతగారి ప్రెస్సులో మిగిలిన సీసపు అక్షరాలను ఎవరికి, ఎలా అప్పగించాలి?

తెనాలి వాసి:

మా తాతగారు 1990ల ఆరంభం వరకు తెనాలిలో ఒక చిన్న ముద్రణాలయం నడిపారు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికల రోజులలో గోడపత్రికలు అచ్చువేసేవారు. డీటీపీ, ఆఫ్‌సెట్ వచ్చి పని తగ్గిపోయిన తరువాత ట్రెడిల్ యంత్రాన్ని అమ్మివేశారు గాని, అక్షరాల కేసులు (అక్షరాలు పెట్టే గళ్ల చెక్క అరలు) కొన్ని ఇంటి వెనుక గదిలోనే ఉండిపోయాయి. ఇప్పుడు ఆ గదిని పడగొట్టి కొత్తది కట్టాలనుకుంటున్నాము. మిగిలిన అక్షరాలన్నీ కలిపి సుమారు ముప్పై కిలోలు ఉండవచ్చు. వాటితో పాటు విసురు వలకు కట్టే సీసపు గుండ్లు ఒక డబ్బాడు, పనిచేయని ఇన్వర్టర్ బ్యాటరీ ఒకటి ఉన్నాయి.

అక్షరాల మీద, కేసుల అడుగున బియ్యప్పిండి వంటి తెల్లని పొడి పేరుకొని ఉన్నది. మూడేళ్ల మా మేనల్లుడు ఆ గదిలో కూర్చుని అక్షరాలను పోగులు పెట్టి ఆడుకుంటూ ఉండడం చూసిన తరువాత నాకు భయం పట్టుకున్నది. పాత ఇనుప సామాన్ల వ్యాపారిని అడిగితే తూకానికి తీసుకుంటానన్నాడు గాని, తీసుకొని ఏం చేస్తావంటే, దుకాణం వెనుక మూకుడులో కరిగించి దిమ్మలు పోస్తానని చెప్పాడు. మా బావగారిది నిజాంపట్నం వైపు. ఆయన అసలు అమ్మవద్దనీ, పెరట్లో కట్టెల పొయ్యి మీద కరిగిస్తే వలలకు కావలసినన్ని గుండ్లు వస్తాయనీ అంటున్నారు. మునిసిపాలిటీ చెత్తబండిలో వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

ఆ తెల్లని పొడి ఏమిటో, దానిని ఎలా తీయాలో, ఇంత కొద్దిపాటి సీసాన్ని పద్ధతిగా తీసుకునేవారు ఎవరైనా ఉన్నారో తెలిసినవారు చెప్పగలరు.

పాత కంపోజిటర్:

మీ దగ్గర ఉన్నది శుద్ధమైన సీసం కాదు. అక్షరాలు పోతపోసే లోహంలో, అంటే టైపు లోహంలో, సీసం ఎక్కువ భాగం ఉంటుంది. దానికి ఆంటిమొనీ, తగరం కలుపుతారు. ఆంటిమొనీ వలన అక్షరం గట్టిపడి, ఒత్తిడికి త్వరగా అరిగిపోకుండా ఉంటుంది; చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోవడం తగ్గి, అంచులు పదునుగా వస్తాయి. తగరం వలన కరిగిన లోహం అచ్చులోని సన్నని మూలలలోకి కూడా పారుతుంది. తెలుగు ప్రెస్సులలో గుణింతాలకు, వత్తులకు వేరు వేరు గళ్లు కావలసి రావడం వలన చిన్న ప్రెస్సులో కూడా వందల కిలోల లోహం ఉండేది. ముప్పై కిలోలంటే మీకు మిగిలింది చాలా తక్కువ.

తెల్లని పొడి సంగతి ప్రెస్సులలో పనిచేసినవారికి తెలిసినదే. చాలా కాలం కదపకుండా ఉంచిన కేసులలో, చెక్క నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి, వానాకాలపు తేమ, గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసి లోహం పైపొరను తినివేసి, సీసపు కార్బొనేటుగా మారుస్తాయి. రోజూ వాడే అక్షరాలకు సిరా, కిరోసిన్ తగులుతూ ఉండడం వలన ఇది అంతగా పట్టేది కాదు. నిజానికి మీ గదిలో భయపడవలసినది ఈ పొడికే. మెరుస్తున్న అక్షరాన్ని చేత్తో పట్టుకున్నంత మాత్రాన సీసం చర్మంలో నుంచి చెప్పుకోదగినంతగా లోపలికి పోదు. పొడి మాత్రం వేళ్లకు అంటి నోటిలోకీ, ఊడిస్తే లేచి ఊపిరిలోకీ పోతుంది.

అందువలన ఆ గదిలో చీపురు పట్టవద్దు, పంకా వేయవద్దు. ఇంట్లో వాడే మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, అది సన్నని పొడిని వెనుక నుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఎన్95 మాస్కు, రబ్బరు చేతితొడుగులు వేసుకొని, కేసు మీద నీళ్లు సన్నగా చిలకరించి, తడిసిన అక్షరాలను తడిసినట్లే మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలలోకి తీయండి. ఒక్కొక్క డబ్బాలో పది కిలోలకు మించనీయవద్దు. ముప్పై కిలోలూ కరిగిస్తే సుమారు మూడు లీటర్ల చోటులో ఇమిడిపోయే లోహం కాబట్టి, చూడడానికి కొంచెమే ఉన్నదని ఒకే బక్కెట్లో నింపితే ఎత్తేసరికి పిడి ఊడి వస్తుంది.

తుక్కుగా అమ్మే ముందు ఒక మాట. ఏదైనా ఒక సైజు అక్షరాలు వత్తులు, గుణింతాలతో సహా పూర్తి సెట్టుగా మిగిలి ఉంటే దానిని విడిగా ఉంచండి. చేతి ముద్రణ మీద ఆసక్తితో పాత టైపును వెదికే చిత్రకళా విద్యార్థులు, డిజైనర్లు ఈ మధ్య కనిపిస్తున్నారు. కరిగించిన తెలుగు టైపును మళ్లీ పోతపోసేవారు ఇప్పుడు దొరకడం కష్టం.

పర్యావరణ ఇంజనీరు:

మీ దగ్గర ఉన్న మూడు రకాల సీసానికీ మూడు వేర్వేరు దారులు ఉన్నాయి.

బ్యాటరీది అన్నిటికంటె సులభమైన దారి. 2001 నాటి బ్యాటరీ నియమాల స్థానంలో 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగుకు పంపే బాధ్యత ఉత్పత్తిదారుల మీద ఉన్నది. దానిని ఇంటి చెత్తలో కలపకుండా, సేకరించేవారికో రీసైక్లర్లకో అప్పగించడం వినియోగదారుడి బాధ్యత. బ్యాటరీని చెత్త దిబ్బలలో పూడ్చడం గాని, కాల్చివేయడం గాని ఆ నియమాలు ఒప్పుకోవు. మీరు కొత్త బ్యాటరీ కొనే డీలరు పాతదానికి తగ్గింపు ఇచ్చి తీసుకుంటాడు. కొత్తది కొనకపోయినా తుక్కు ధరకు తీసుకునేవారు ఉంటారు. ఆమ్లాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఇంటి దగ్గర పారబోయవద్దు. పాత ఇనుప సామాన్లవారు బరువు తగ్గించుకోవడానికి దానిని కాలువలో ఒంపి తీసుకుపోతూ ఉంటారు, కాని అది గంధకామ్లం మాత్రమే కాదు, దానిలో ప్లేట్ల నుంచి రాలిన సీసపు పొడి కూడా ఉంటుంది. తీగలు తగిలించే రెండు టెర్మినళ్లకూ టేపు చుట్టి, నిటారుగా నిలబెట్టి తీసుకువెళ్లండి.

టైపు లోహం దగ్గర కొంత చిక్కు ఉన్నది. బ్యాటరీల నియమాలు దానికి వర్తించవు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు సీసపు తుక్కును రీసైకిల్ చేయదగిన ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చాయి. దానిని కరిగించేవారికి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. మీ వ్యాపారి మూకుడుకు అటువంటి అనుమతి ఉండే అవకాశం లేదు. అనుమతి ఉన్న కర్మాగారాలు టన్నుల లెక్కన కొంటాయి గనుక, ముప్పై కిలోల కోసం మీ ఇంటికి ఎవరూ రారు. విశాఖపట్నం దగ్గరి పరవాడలోను, హైదరాబాదు దగ్గరి దుండిగల్‌లోను ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు పరిశ్రమల కోసం ఏర్పడినవి; అక్కడికి ఒక వ్యక్తి సంచీ పట్టుకొని వెళ్లడం ఆచరణలో కుదిరే పని కాదు. కొద్దిపాటి సీసం ఉన్న ప్రతివారికీ ఎదురయ్యే అసలు సమస్య ఇదే: నియమాలు పెద్ద కర్మాగారాలను దృష్టిలో పెట్టుకొని వ్రాసినవి, డబ్బాలో సీసం పట్టుకొని నిలబడినవాడికి వాటిలో తలుపు కనిపించదు.

నాకు తోచిన మార్గం ఏమిటంటే, బ్యాటరీని తీసుకునే పెద్ద డీలరునే టైపు లోహం గురించి కూడా అడగండి. తీసుకొని తీరాలన్న నియమం ఆయనకు లేదు. అయినా ఆయన దగ్గరకు రీసైక్లరు లారీ ఎలాగూ వస్తుంది. బ్యాటరీ గ్రిడ్‌ల (ప్లేట్ల లోపలి జాలీల) మిశ్రమలోహంలో ఆంటిమొనీ వాడకం ఉన్నది కాబట్టి టైపు లోహం వారికి పనికివచ్చే సరుకే. గుంటూరు, విజయవాడల వంటి చోట్ల లోహపు తుక్కును టోకుగా కొనే వ్యాపారులు ఉంటారు. వారిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడే కరిగిస్తారా, దిమ్మలు పోయకుండా ఉన్నది ఉన్నట్లుగా కర్మాగారానికి పంపుతారా? సమాధానం చెప్పడానికి తటపటాయించేవారికి ఇవ్వవద్దు. కిలోకు పది, ఇరవై రూపాయలు తగ్గినా సరే.

వలగట్టు:

ఇదంతా చదువుతుంటే మీరు మరీ భయపెడుతున్నట్లు అనిపిస్తున్నది. మా తాతల కాలం నుంచి విసురు వలల గుండ్లను మేము ఇంటి దగ్గరే పోసుకుంటున్నాము. ఆరుబయట పొయ్యి పెట్టి, గాలి వచ్చే వైపు నిలబడి, చల్లారిన తరువాత చేతులు కడుక్కుంటే చాలు. సీసం కరగడానికి పెద్ద మంట కూడా అక్కరలేదు. మా ఇళ్లలో ఎవరూ దీనివలన పడిపోలేదు. ఆయన బావగారు చెప్పినదానిలో తప్పేమున్నది?

పర్యావరణ ఇంజనీరు:

వలగట్టు గారూ, మీరు చెప్పినదానిలో నిజం ఉన్నది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, టైపు లోహం ఇంకా ముందే కరుగుతుంది, ఆ వేడిలో పుట్టే ఆవిరి స్వల్పమే. కాని కట్టెల పొయ్యికి కళ్లెం ఉండదు. మంట పెరిగిన కొద్దీ ఆవిరి పెరుగుతుంది. అంతకంటె ఎక్కువ కీడు కరిగిన సీసం పైన తేలే తెట్టుతో వస్తుంది. అది చాలా భాగం సీసపు ఆక్సైడు. దానిని గరిటెతో తీసి నేల మీద కొడతారు, అది పొడి అవుతుంది, కోళ్లు కెలికే మట్టిలో, పిల్లలు పాకే వాకిట్లో కలిసిపోయి సంవత్సరాల తరబడి అక్కడే ఉంటుంది. పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి ఆ రోజు ఏమీ కాకపోవడం చూసి ప్రమాదం లేదనుకుంటాము. పోయిన సీసం ఆవిరిలోకి కన్నా వాకిట్లోకే ఎక్కువ పోయింది.

మరొక సంగతి పూర్తిగా పనికి సంబంధించినది. విసురు వలకు మెత్తని సీసం కావాలి, ఎందుకంటే గుండును తాడు చుట్టూ పటకారుతో నొక్కి బిగించాలి కదా. ఆంటిమొనీ కలిసిన టైపు లోహం గట్టిగా, పెళుసుగా ఉంటుంది. నొక్కితే అణగదు, పగులుతుంది. బావగారు కష్టపడి పోసుకున్నా ఆ గుండ్లు వలకు నిలవవు. డబ్బాలో ఉన్న పాత గుండ్లు మెత్తని సీసమే కాబట్టి, వాటిని కరిగించకుండా ఉన్నవి ఉన్నట్లుగానే ఆయనకు ఇచ్చివేయండి. అంతకు మించిన పునర్వినియోగం లేదు.

తడి సీసాన్ని కరిగిన సీసంలో వేయడం ఎంత ప్రమాదమో వలలవారికి చెప్పనక్కరలేదు; నీటి బొట్టు ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. బ్యాటరీ ప్లేట్లను కరిగించే ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు. కొత్త రకం బ్యాటరీలలోని కాల్షియం, పాత రకం వాటిలోని ఆంటిమొనీ, ఆర్సెనిక్ తెట్టులో కలిసి ఉన్నప్పుడు దానికి తేమ తగిలితే స్టిబీన్, ఆర్సీన్ అనే విషవాయువులు పుట్టవచ్చు. అవి చాలా కొద్దిగా ఉన్నా ప్రాణం మీదికి తెస్తాయి.

పిల్లల వైద్యురాలు:

తెనాలి వాసి గారూ, పై చర్చ అంతా లోహం గురించి సాగింది గాని, మీ ప్రశ్నలో నాకు మొదట కనిపించినది మూడేళ్ల పిల్లవాడు. గది ఖాళీ చేసే పని తరువాత చేసుకోవచ్చు; ముందు గదికి తాళం వేయండి, బాబుకు రక్తంలో సీసం పరీక్ష చేయించండి. పెద్ద డయాగ్నోస్టిక్ కేంద్రాలు నమూనా తీసుకొని తమ ప్రయోగశాలకు పంపి ఫలితం తెప్పిస్తాయి. వేలి కొన నుంచి కాక, సిర నుంచి తీసిన రక్తంతో చేయించడం మంచిది, ఎందుకంటే వేలికి అంటిన పొడి వలన లెక్క తప్పే వీలున్నది.

మింగిన సీసంలో పెద్దవారి శరీరం సుమారు పదో వంతు గ్రహిస్తే, చిన్నపిల్లల శరీరం దాదాపు సగం వరకు గ్రహించగలదు. ఇనుము, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లలలో ఇది ఇంకా ఎక్కువ. మన పిల్లలలో రక్తహీనత ఎంత సాధారణమో తెలిసినదే. సురక్షితమని చెప్పగలిగిన స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు గాని అంతకంటె ఎక్కువ గాని ఉంటే, సీసం ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టి ఆపాలని 2021లో అది మార్గదర్శకాలు ఇచ్చింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అదే సంవత్సరం తన హెచ్చరిక స్థాయిని 5 నుంచి 3.5కు తగ్గించింది. ఇవి మందులు మొదలుపెట్టే స్థాయిలు కావు. పిల్లలలో సీసాన్ని బయటికి రప్పించే మందులను సాధారణంగా 45 దాటినప్పుడు, ఆసుపత్రి పర్యవేక్షణలో ఇస్తారు. అంతకు లోపల ఉంటే చేయవలసినది పొడికి దూరంగా ఉంచడం, ఇనుము, కాల్షియం లోపాలను సరిచేయడం, కొంత కాలానికి మళ్లీ పరీక్షించడం. తక్కువ మోతాదులో పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు కాబట్టి, పిల్లవాడు హుషారుగా ఆడుకుంటున్నాడు కదా అని పరీక్షను వాయిదా వేయవద్దు.

వలగట్టు గారు ఎవరూ పడిపోలేదన్నారు. సెనెగల్ రాజధాని డకార్ శివారులోని థియారోయ్ అనే చోట కూడా బ్యాటరీల సీసాన్ని అలాగే ఇళ్ల దగ్గర తీసేవారు. ఆ మట్టిని జల్లెడ పట్టి సీసం ఏరడం మొదలైన తరువాత, 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల 18 మంది చిన్నపిల్లలు చనిపోయారు. ముప్పై కిలోల అక్షరాలకూ దానికీ పోలిక లేదని నాకు తెలుసు. కాని పిల్లలను చంపినది కొలిమి కాదు, మట్టిలో కలిసిన పొడి అన్నది గమనించదగినది.

వందలమంది ఒక్కసారిగా మూర్ఛపడి ఆసుపత్రి పాలైన 2020 డిసెంబరు నాటి ఏలూరు ఉదంతాన్ని ఎవరైనా ఇక్కడికి తెచ్చే ముందు చెబుతాను. బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని మొదట ఢిల్లీ ఎయిమ్స్ చెప్పిన మాట నిజమే గాని, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునని తరువాత నిపుణులు అభిప్రాయపడ్డారు. దానిని సీసపు విషానికి ఉదాహరణగా చెప్పడం సరికాదు.

పాత కంపోజిటర్:

డాక్టరు గారికి ఒక చిన్న సందేహం. మేము పనిచేసిన చోట, సీసానికి విరుగుడు అని రోజూ ఒక అరటిపండు ఇచ్చేవారు. దానిలో ఏమైనా ఉన్నదా?

పిల్లల వైద్యురాలు:

విరుగుడు లేదు. అయితే ఖాళీ కడుపుతో ఉన్నవారి శరీరం సీసాన్ని ఎక్కువగా గ్రహిస్తుంది కాబట్టి, పనికి ముందు ఏదో ఒకటి తినడం వలన కొంత మేలు జరిగే ఉంటుంది. ఆ పండును తినే ముందు చేతులు కడుక్కున్నారా లేదా అన్నదే పండు కంటె పెద్ద విషయం. సబ్బూ నీళ్లూ వాడాలి. శానిటైజరు సీసపు పొడిని తొలగించదు.

తెనాలి వాసి:

అందరికీ కృతజ్ఞతలు. గదికి తాళం వేశాము, బాబు రక్త నమూనా ఇచ్చాము. బ్యాటరీ డీలరు టైపు లోహాన్ని కూడా తీసుకోవడానికి ఒప్పుకున్నాడు గాని, కడిగి ఆరబెట్టి తెమ్మంటున్నాడు. గుండ్ల డబ్బా బావగారికి చేరింది. టైపు లోహం నొక్కితే పగులుతుందన్న మాట ఆయన ఒక అక్షరం మీద పటకారుతో పరీక్షించి చూసి ఒప్పుకున్నారు. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. కడిగిన నీళ్లను, తుడిచిన గుడ్డలను ఏం చేయాలి? ఖాళీ అయిన చెక్క కేసులను మా అమ్మ నీళ్ల పొయ్యిలోకి వాడుకుంటానంటున్నది, వాడుకోవచ్చునా?

పర్యావరణ ఇంజనీరు:

కేసులను పొయ్యిలో పెట్టనే కూడదు. చెక్క పగుళ్లలో ఇరుక్కున్న పొడి అంతా పొగలోకి, బూడిదలోకి చేరుతుంది. ఆ బూడిద గిన్నెలు తోమడానికో, మొక్కల పాదులకో పోతుంది. తడిగుడ్డతో రెండు మూడు సార్లు తుడిచి, ఆరిన తరువాత వార్నిషు రెండు పూతలు వేస్తే గోడకు తగిలించుకోవచ్చు, పిల్లవాడికి అందనంత ఎత్తులో. అక్కరలేదనుకుంటే ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, కింద చెప్పే గుడ్డల సంచితో పాటు ఇచ్చివేయండి.

అక్షరాలను కడగడానికి ఒక టబ్బులో కొద్ది నీళ్లు చాలు. ధారగా పోస్తూ కడిగితే ఆ నీళ్లన్నీ కాలువలోకి పోతాయి. టబ్బును కదపకుండా ఒక రాత్రి ఉంచితే పొడి చాలా భాగం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని పెరట్లోనో, బావి దగ్గరో పోయకుండా ఇంటి మురుగునీటి గొట్టంలోకి నెమ్మదిగా వంచి, అడుగున మిగిలిన మడ్డిని పాత గుడ్డలకు పట్టించి, ఆ గుడ్డలను, చేతితొడుగులను, మాస్కులను రెండు ప్లాస్టిక్ సంచులలో ఒకదానిలో ఒకటి పెట్టి మూతికట్టండి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు గృహ ప్రమాదకర వ్యర్థాల కోసం పట్టణాలలో ప్రతి ఇరవై చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం ఉండాలన్నాయి. మీ పురపాలక సంఘంలో అది నడుస్తున్నదో లేదో పారిశుద్ధ్య విభాగంలో అడిగి, సంచి మీద సీసపు పొడి అని స్పష్టంగా వ్రాసి అప్పగించండి. చెత్తబండి అబ్బాయి చేతికి ఏమీ చెప్పకుండా ఇవ్వడం మాత్రం అన్యాయం, అతను దానిని చేతులతోనే వేరుచేస్తాడు.

గదిని పడగొట్టే ముందు నేలను, గోడల కింది భాగాన్ని కూడా తడిగుడ్డతో తుడిపించండి. తలుపులు, కిటికీల రంగు పాతదైతే దానిలోనూ సీసం ఉండే అవకాశం ఉన్నది. ఇంటి రంగులలో సీసం పది లక్షల వంతులకు 90 వంతులు మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. ఆ రంగును గీకించవద్దు, తలుపులను అలాగే ఊడదీయించండి.

పాత కంపోజిటర్:

డీలరు దగ్గరకు తీసుకువెళ్లే ముందు అక్షరాలలో కలిసిపోయిన ఇత్తడి రూళ్లను ఏరి విడిగా పెట్టండి. పంక్తుల మధ్య గీతలకు వాడిన ఆ సన్నని పట్టీలు మసిబారి, పంక్తుల మధ్య ఎడం కోసం పెట్టే సీసపు లెడ్ల లాగానే కనిపిస్తాయి గాని, చాకు మొనతో గీరితే సీసం మీద తెల్లని మెరుపు, ఇత్తడి మీద పసుపు మెరుపు కనిపిస్తుంది. ఇత్తడి ధర సీసం కంటె చాలా ఎక్కువ. గీరిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి.